ఏం కొళంబు సార్?

ముందుగా బాలసుందరం సార్ గొంతు గురించి చెప్పుకోవాలి. అది పిక్కిలి బస్సు హారన్‌తో పోటీ పడే గొంతు. పిక్కిలికి అవతల, చింతతోపు దాటగానే కనబడే చిన్న సర్కారు బళ్లో ఆయన ఐదో తరగతికి లెక్కలు మొదలుపెట్టాడంటే, రోడ్డు మీద మేకలు తోలుకుపోయేవాళ్లకు కూడా ఎక్కాలు వచ్చేస్తాయని ఊళ్లో వేళాకోళం. ఇరవై రెండేళ్లుగా అదే గొంతు, అదే ఊపు. పాఠం చెప్పడం, చెమట తుడుచుకోవడం, చాక్‌పీసు కింద పెట్టి చేతులు దులుపుకోవడం, తరగతినంతా ఒకసారి కలయజూసి "పురింజుదా?" అనడం.

అర్థమయిందా అని. అక్కడ పాఠం తమిళంలో నడుస్తుంది, బెంచీల కింద గుసగుసలు తెలుగులో నడుస్తాయి. ధర్మపురి చుట్టుపక్కల తెలుగిళ్లలో తరతరాలుగా ఇదే తంతు, గుమ్మం లోపల ఒక భాష, బయట ఒక భాష. కానీ "పురింజుదా" అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఒక్కటే. ఇరవై నాలుగు గొంతులు, ఒకే రాగం, చివర్లో ఒక పొడుగాటి దీర్ఘం.

"పురింజుదు సాఆఆర్!"

ఆ దీర్ఘం చెవిన పడగానే బాలసుందరానికి కడుపు నిండిపోయేది. ఇంకేం కావాలి మనిషికి? చెప్పాడు, వాళ్లకు అర్థమయింది, అయిపోయింది. ఇంటికి పోయి భార్య వెంకటలక్ష్మమ్మతో "ఈరోజు వైశాల్యం చెప్పి పారేసినానే, ఒక్కడంటే ఒక్కడు కూడా డౌట్ అడగలేదు" అని చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆవిడ పాపం ఊఁ కొట్టేది.

ఆ మురిపెం మీద నీళ్లు చల్లడానికా అన్నట్టు బ్లాకు ఆఫీసు నుంచి లోకనాథన్ అనే ఆయన వచ్చాడు. ఏ బళ్లో ఏ పిల్లకు ఎంత వచ్చునో చూసి ఫోనులో ఎక్కించుకుని పోవడం ఆయన ఉద్యోగం. సన్నటి మనిషి, నవ్వడు, అరవడు. పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఒక లెక్క: ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న వేరుశనగ చేను చుట్టూ ఒక వరస కంచె తీగ వేయాలంటే తీగ ఎంత కావాలి?

ఇరవై నాలుగు మందిలో ఇరవై మంది ముప్పైని ఇరవైతో గుణించి ఆరువందలు అని రాశారు. ధనశేఖర్ అనేవాడు ఇంకో అడుగు ముందుకేసి ఆరువందల కిలోలు అని రాశాడు.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ మాదేశ్వరి టీచర్ ఆయన్ను తన గదికి పిలిపించింది. ఆవిడ మంచిదే గానీ మాట కత్తిరించినట్టు ఉంటుంది.

"సార్, ఆయన మూడు వారాలకు మళ్లా వస్తాడంట. అప్పుడూ ఇట్లే ఉంటే ఐదో తరగతి మలర్ టీచర్‌కు ఇచ్చేయమన్నాడు. మీరు ఆఫీసు రూములో కంప్యూటర్ ముందర కూర్చోవల్ల. హాజరు, గుడ్లు, పిల్లకాయల చెప్పుల సైజులు, అన్నీ మీరే ఎక్కించల్ల."

కంప్యూటరంటే బాలసుందరానికి చచ్చేంత భయం. పోయిన ఏడు ఒక్కరోజు ఆ పని చేయబోయి, పిల్లల చెప్పుల సైజులన్నీ గుడ్ల గడిలో ఎక్కించేశాడు. ఆ రోజు ఆ బడి పిల్లలు తలా నాలుగైదు గుడ్లు తిన్నట్టు పైవాళ్లకు లెక్క పోయింది. అయినా భయం సంగతి తర్వాత. ఐదో తరగతి లేని బాలసుందరం ఏం బాలసుందరం? నల్లబల్ల ముందు నిలబడని ఆ గొంతు ఇంక ఎక్కడ మోగాలి?

ఆ బాధ కాస్సేపట్లో కోపంగా మారింది. ద్రోహులు! నా మొహాన పురింజుదు అని రాగం తీసి, ఆయన కాగితం మీద ఆరువందలు రాస్తారా? ఒక్కొక్క ఇంటికీ పోయి, అమ్మానాన్నల ముందరే నిలదీస్తాను, ఏమనుకున్నారో!

అలా మర్నాడు సాయంత్రం బడి వదలగానే మొదటి ఇంటి మీద పడ్డాడు. అది బడికి ఎదురిల్లే. అక్కడ మోనిష అని, రెండో బెంచీలో కూర్చునే పిల్ల ఉంటుంది. రోజూ అందరికంటే గట్టిగా దీర్ఘం తీసేది ఆ పిల్లే. ఆరువందలు రాసింది కూడా.

వాకిట్లో మోనిష అవ్వ కెంపమ్మ చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. సార్‌ను చూడగానే లేచి నులకమంచం వాల్చింది.

"రండి సారూ, రండి. బువ్వ తింటిరా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాలసుందరం పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. భార్య రెండు రోజుల కిందటే కారిమంగళం పుట్టింటికి పోయింది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం బళ్లో ఇంత తిందామంటే ఆరువందలు గుర్తొచ్చి ముద్ద దిగలేదు. కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. అయినా ఆ ప్రాంతంలో, తమిళంలో అడిగినా తెలుగులో అడిగినా, తిన్నావా అన్న మాటకు మర్యాద ఉన్నవాడు చెప్పే జవాబు ఒక్కటే. లేదంటే పాపం ఆ ఇల్లాలు ఉన్నపళంగా పొయ్యి రాజెయ్యాలి. అడిగేవాళ్లకూ ఆ సంగతి తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు.

"ఆయె అవ్వా, ఇప్పుడే ఆయె" అన్నాడు బాలసుందరం, మంచం మీద కూర్చుంటూ.

"ఆయెనా? ఏం కొళంబు?"

కొళంబంటే పులుసు. అన్నంలోకైనా సంగటిలోకైనా పోసుకునేది ఏదైనా అక్కడ కొళంబే. నిజంగా తిన్నవాడికి ఇది కష్టమైన ప్రశ్న కాదు. తినని వాడికే కష్టం.

"వంకాయ కొళంబు" అన్నాడు, గాల్లోంచి ఒక వంకాయ తెంపి.

"ఎవురు చేసినారు?"

"ఎవరేంది అవ్వా, మా ఇంటామె."

కెంపమ్మ చింతగింజ చేటలో పడేసి ఆయన వైపు తేరిపార చూసింది. "ఆయమ్మ మొన్ననే కారిమంగళం పాయె గదా సారూ. నేను సంతకు పోతా ఉంటే బస్సులో నా పక్కనే కూర్చునుండె. మా ఇంటాయన మీ ఊరి బళ్లోనే సార్ అని తనే చెప్పె. పుట్టింట్లో వారం ఉంటాననీ చెప్పె. వంకాయ ఎవురు కోసినారు మరి?"

సరిగ్గా అప్పుడే ఆయన కడుపు, ఆయన గొంతుకు తీసిపోని గొంతుతో, గుర్రుమంది. తలుపు చాటు నుంచి మోనిష కిసుక్కున నవ్వింది.

"ఆకలైతే ఆకలని చెప్పల్ల సారూ. మనం మనం దాచుకునేదేముంది?" అంటూ కెంపమ్మ లోపలికి పోయి, వేడి వేడి రాగి సంగటి ముద్ద, దాని మీద ఉలవల కొళంబు తెచ్చి ముందర పెట్టింది. బాలసుందరం సిగ్గుతో రెండు ముద్దలు, ఆకలితో ఆరు ముద్దలు తిన్నాడు.

కడుపు కాస్త చల్లబడ్డాక వచ్చిన పని గుర్తొచ్చింది. మోనిషను దగ్గరికి పిలిచాడు. కోపం ఎక్కడో సంగటి అడుగున పడిపోయింది, గొంతులోకి రాలేదు.

"ఏమ్మా, కంచె అంటే చుట్టూ కూడల్ల, చేను అంటే గుణించల్ల అని అంతసేపు చెప్తి గదా. పురింజుదు అంటివి గదా. మరి కాగితంలో ఎందుకు అట్ల రాస్తివి?"

మోనిష నేల చూపులు చూసింది. కాలి బొటనవేలితో నేల మీద గీత గీసింది.

"అప్పుడు కూడా పురియలేదు సార్."

"మరి పురింజుదు అని ఎందుకంటివి?"

"మీరు అంతసేపు నిలబడి, గొంతు చించుకొని చెప్తిరి గదా సార్. పురియలేదంటే మళ్లా మొదటి నుంచి చెప్పల్ల గదా. మీకు చెమట్లు కూడా కారుతుండె. పాపం అని..."

బాలసుందరం పళ్లెం పక్కన పెట్టేశాడు.

పాపం అని! ఇరవై రెండేళ్లుగా పిల్లలు తన మీద జాలిపడి, భోజనం అయిందని చెప్తున్నారు! తను తిన్నారా అని అడగడం, వాళ్లు ఆయె అనడం, తను చేతులు దులుపుకుని ఇంటికి పోవడం. వాళ్లు ద్రోహులు కారు, మర్యాదస్తులు. మంచి ఇళ్లల్లో పెరిగిన పిల్లలు. ఒక్కనాడైనా, ఒక్కడినైనా, ఏం కొళంబు అని అడిగిన పాపాన పోయాడా తను?

ఇంకో ఇంటికి పోలేదు. బస్సెక్కి ధర్మపురిలో తన ఇంటికి వచ్చేశాడు. దారంతా కిటికీలోంచి చూస్తూ, తనలో తనే ఏదో గొణుక్కుంటూ ఉంటే కండక్టరు రెండుసార్లు టికెట్ అడిగాడు.

మర్నాడు మళ్లీ అదే పాఠం చెప్పాడు. అదే గొంతు, అదే చెమట. చాక్‌పీసు కింద పెట్టాడు. చేతులు మాత్రం దులుపుకోలేదు.

"పురింజుదా?"

"పురింజుదు సాఆఆర్!"

"ఏం కొళంబు?"

తరగతి బిక్కచచ్చిపోయింది. ముందు బెంచీలోని ప్రతాప్ నెమ్మదిగా లేచాడు.

"మా ఇంట్లోనా సార్? చిక్కుడుకాయ."

గది గొల్లుమంది. బాలసుందరం కూడా ఆపుకోలేకపోయాడు.

"మీ ఇంట్లో కాదురా నాయనా, నీ బుర్రలో! తింటిని అన్నావు గదా, ఏం తింటివో చెప్పు. కంచెకు ఎందుకు కూడినావు, చేనుకు ఎందుకు గుణించినావు?"

"మీరు చెప్తిరి గదా సార్, అందుకే."

నిజమే మరి. వాడు అబద్ధమాడలేదు. తను చెప్పాడు, వాడు గుణించాడు. తను ఇంకోటి చెప్తే ఇంకోటి చేసేవాడు. ఆ రోజు ఇరవై నాలుగు మందినీ అడిగాడు. ఇరవై నాలుగు గిన్నెలూ ఖాళీ. ఆయన బల్ల మీద కూలబడ్డాడు, మూడు వారాల్లో రెండు రోజులు అప్పుడే గడిచిపోయాయి.

ఆపైన ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. పిక్కిలి టీ కొట్లో మూడు ఖాళీ బిస్కెట్ డబ్బాలు అడిగి తెచ్చాడు. ఒకదాని మీద 'నిండింది' అని, ఒకదాని మీద 'సగం' అని, మూడోదాని మీద 'ఆకలి' అని కాగితాలు అంటించాడు. ఇంటికి పోయే ముందు తలా ఒక చింతగింజ తీసుకుని, ఆ రోజు పాఠం ఎంత ఎక్కిందో చూసుకుని, ఏదో ఒక డబ్బాలో వేసి పోవాలి. గింజలకేం కరువు, కెంపమ్మ చేటెడు ఇచ్చింది.

మొదటి రోజు డబ్బాలు బల్ల మీద పెట్టి, పక్కన నిలబడి చూశాడు. గింజలన్నీ 'నిండింది'లో పడ్డాయి. లెక్కపెడితే ఇరవై నాలుగు మంది పిల్లలకు ఇరవై ఐదు గింజలు. సార్ సంతోషిస్తాడు గదా అని ధనశేఖర్ రెండు వేశాడట.

బాలసుందరం తల పట్టుకున్నాడు. చూస్తూ నిలబడితే ఎవడు మాత్రం ఆకలని వేస్తాడు? తనైనా కెంపమ్మ ఎదుట వంకాయ అనలేదూ? మర్నాడు డబ్బాలు తీసుకుపోయి తలుపు వెనకాల పెట్టాడు. ఒక్కొక్కరే పోవాలి, ఎవరూ చూడకూడదు, తను వరండాలో అటు తిరిగి నిలబడతాడు. పిల్లలంతా పోయాక వచ్చి చూస్తే 'నిండింది'లో ఒకటి, 'సగం'లో నాలుగు. 'ఆకలి'లో పంతొమ్మిది.

ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని గింజలు మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. కొంచెం ఏడుపొచ్చింది, దాని వెనకే పిచ్చి సంతోషం వచ్చింది. ఇరవై రెండేళ్లలో మొట్టమొదటిసారి పిల్లలు ఆయనకు నిజం చెప్పారు.

మరుసటి రోజు నుంచి ఆ గొంతు కాస్త తగ్గింది, చెవులు పని మొదలుపెట్టాయి. పిల్లల్ని బడి ప్రహరీ చుట్టూ అడుగులు లెక్కపెడుతూ నడిపించాడు, అది కంచె అన్నాడు. వరండా గచ్చు మీద గీసిన గడుల్లో ఒక్కొక్కణ్ణి కూర్చోబెట్టాడు, అది చేను అన్నాడు. మేక ఎక్కడ ఆగుతుంది, వేరుశనగ ఎక్కడ మొలుస్తుంది, మీరే చెప్పండన్నాడు. చెప్పినవాణ్ణి ఊరికే వదలకుండా, "ఏం కొళంబు?" అని మళ్లీ అడిగాడు. సాయంత్రం గింజలు చూసుకుని, ఆకలిగా ఉన్నవాళ్ల కోసం మర్నాడు వేరే దారి వెతుక్కున్నాడు. పంతొమ్మిది పన్నెండయ్యాయి, పన్నెండు ఆరయ్యాయి.

అంతా బాగానే ఉంది గానీ, కొళంబు గది దాటి పొంగింది. పిల్లలు ఒకర్నొకరు పట్టుకుని అడగడం మొదలుపెట్టారు. వంటామెను అడిగారు, ఆవిడ నిజంగానే గరిటెతో చూపించింది. ఒకరోజు మలర్ టీచర్ తమిళ పద్యం చదివి, ఆహా ఎంత గొప్ప భావం అని కళ్లు మూసుకుంటే, ధనశేఖర్ లేచి చేతులు కట్టుకుని ఎంతో వినయంగా "ఏం కొళంబు టీచర్?" అన్నాడు. ఆవిడ ఏడుపుమొహంతో హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి పోయింది.

మాదేశ్వరి టీచర్ బాలసుందరాన్ని పిలిచింది. "బడి నడుపుతా ఉన్నామా సార్, హోటల్ నడుపుతా ఉన్నామా? ఇంక నాలుగు రోజులే ఉండాది. ఆయనొచ్చినప్పుడు ఈ పిల్లకాయలు ఈ మాట అన్నారంటే మీ తరగతిని ఆ దేవుడు కూడా కాపాడలేడు."

"అనరు టీచర్" అన్నాడు బాలసుందరం. అంటారని ఆయనకు తెలుసు.

నాలుగు రోజులూ గడిచాయి. లోకనాథన్ వచ్చాడు. ఆయన మాట్లాడేది తమిళం, మనం తెలుగులో చెప్పుకుందాం. మాదేశ్వరి టీచర్ కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. లోకనాథన్ నల్లబల్ల మీద చతురస్రం, దీర్ఘచతురస్రం చూసి తలాడించాడు. తరువాత తరగతి వైపు తిరిగాడు.

"వైశాల్యం, చుట్టుకొలత, రెండూ సార్ చెప్పారా? పురింజుదా?"

ఒక్కరూ నోరు మెదపలేదు.

బాలసుందరం ఒక్కొక్క మొహాన్నీ బతిమాలుతున్నట్టు చూశాడు. ఇరవై రెండేళ్లు రోజూ మోగిన ఆ దీర్ఘం సరిగ్గా ఈరోజే మూగబోవాలా? ఒక్కసారి అనండర్రా, మీకు పుణ్యముంటుంది, మర్యాదకైనా అనండి! కంప్యూటర్ గది తలుపు తెరుచుకుంటున్నట్టే అనిపించింది.

ప్రతాప్ లేచాడు. "సగం సార్."

"సగమా?" లోకనాథన్ ఫోనులోంచి తలెత్తాడు. "ఏ సగం?"

"కంచెకు చుట్టూ కూడాలి సార్, మేక చుట్టూ తిరిగి వస్తుంది గదా. చేనులోపల గడులు వరసలు వరసలుగా ఉంటాయి, అందుకే గుణించాలి. అంతవరకు వచ్చును. కానీ మా చేను గట్టు ఏటవాలుగా పోతుంది. దాన్ని ఎట్లా గుణించాలో రాదు."

లోకనాథన్ ఏదో రాసుకున్నాడు. మంచో చెడో ఆ మొహంలో తెలిస్తే గదా! ఇంకో నలుగుర్ని లేపి అడిగాడు. చెప్పారు. చెప్పలేని చోట రాదన్నారు. ఆయన ఇంకా రాసుకుంటున్నాడు. అప్పుడు మోనిష చెయ్యెత్తింది.

"సార్, మా నాయన చేనుకు, మా పెదనాయన చేనుకు ఒకే పొడుగు తీగ పట్టింది. అట్లయితే లోపలి నేల కూడా ఒకటేనా?"

ఈ ప్రశ్న బాలసుందరాన్ని చూసి అడిగింది. చాలా రోజుల తర్వాత ఆయన పాత గొంతు దానంతటదే లేచింది. బ్లాకు ఆఫీసాయన ఎదుట తడబడితే ఎలా?

"ఒకటే! చుట్టూ తీగ ఒకటే అయితే లోపలా ఒకటే!"

"కరెక్ట్, కరెక్ట్" అని లోకనాథన్ తలాడించాడు.

మోనిష కూర్చోబోయింది. సగం వంగి ఆగింది. సార్ మొహం చూసింది, ఆ కొత్తాయన మొహం చూసింది. ఆ పిల్లకు ఎంత కష్టంగా ఉందో చూసేవాళ్లెవరికైనా తెలిసేది. మళ్లీ నిలబడి, చిన్న గొంతుతో అడిగింది.

"ఏం కొళంబు సార్?"

వెనక గోడ దగ్గర మాదేశ్వరి టీచర్ కళ్లు మూసుకుంది.

బాలసుందరం నోరు తెరిచాడు. చెప్పడానికి లోపల ఏమీ లేదు. ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నాడో, తనే అనుకున్నాడో, ఎందుకు ఒకటో ఒక్క ముక్క తెలియదు. ఈసారి వంకాయ కూడా దొరకలేదు. కూర్చో అని ఒక్క కేక వేస్తే ఆ పిల్ల కూర్చుంటుంది, తరగతీ మిగులుతుంది. కేక గొంతు దాకా వచ్చింది కూడా. కానీ రెండు బొటనవేళ్లూ నేలకు అదిమిపట్టి నిలబడ్డ ఆ పిల్లను చూశాక బయటికి రాలేదు.

"తెలీదమ్మా" అన్నాడు. "తిననే లేదు. తిన్నానని చెప్తి. చూద్దాం పా, మీ అవ్వనడిగి మోకు తే."

మోనిష పరుగున పోయి బావి మోకు తెచ్చింది. మోకు వెనకాలే కెంపమ్మ కూడా వచ్చి ప్రహరీ మీదుగా తొంగి చూసింది. వరండా గచ్చు మీది గడులు రెండడుగులవి. ఇరవై గడుల పొడుగుకు మోకు కొలిచి, అక్కడ చుట్టుగా ముడివేశారు. ముందు మోనిష వాళ్ల చేనులా సన్నగా పరిచారు, పొడవుకు తొమ్మిది గడులు, వెడల్పుకు ఒక్క గడి. పిల్లలు పోయి గడికొకరు కూర్చున్నారు. తొమ్మిది మందితో నిండిపోయింది. మిగతా పదిహేను మంది మోకు బయట నిలబడి గోల.

"ఇప్పుడు అదే మోకు, పెదనాయన చేను మాదిరి వేయండి" అన్నాడు బాలసుందరం.

ఐదు గడులు ఇటు, ఐదు గడులు అటు. అదే మోకు, అదే ముడి. పిల్లలు లోపలికి దూకారు. తొమ్మిది మంది అయ్యారు, పదిహేను మంది అయ్యారు, ఇరవై మంది అయ్యారు. ఇరవై నాలుగు మందీ కూర్చున్నారు. ఇంకా ఒక గడి ఖాళీగా ఉంది.

"అయ్యయ్యో" అంది ప్రహరీ మీది నుంచి కెంపమ్మ. "సారూ, ఈ లెక్క మా చిన్నోడి చెవిన పడనియ్యొద్దండి!"

ఆ చిన్నోడి కూతురు మోనిష మోకు మూల పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. "సార్, ఆ గడి మీకే."

బాలసుందరం చెప్పులు విడిచి, మోకు దాటి, పిల్లల మధ్య ఆ ఇరవై ఐదో గడిలో చతికిలబడ్డాడు. ఆయన జీవితంలో తరగతిని ఆ ఎత్తు నుంచి ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు పురింజుదా సార్?" అన్నాడు లోకనాథన్. ఆ మొహంలో నవ్వులాంటిది ఏదో కదిలింది.

"పురింజుదు" అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? పిల్లలు నోరు తెరిచేలోపే తనే చెయ్యెత్తి ఆపి చెప్పాడు. "సన్నగా సాగదీస్తే తీగంతా పొడవుకే పోతుంది, లోపల చోటుండదు. నాలుగు పక్కలా సమంగా లాగితే నిండా చోటు. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెప్తా ఉన్నాను సార్, ఇది ఈ పొద్దే నేర్చుకున్నాను."

లోకనాథన్ ఫోను జేబులో పెట్టేసి, లోపలికి పోయి తలుపు వెనకాల డబ్బాలు చూసివచ్చాడు. ఏవో నాలుగు ప్రశ్నలు అడిగాడు. అంతలో భోజనం గంట కొట్టారు. సాంబారన్నం, గుడ్డు వాసన వరండా అంతా పరుచుకుంది.

"రండి సార్, భోజనం చేద్దురు" అంది మాదేశ్వరి టీచర్ మర్యాదగా.

"అయిందమ్మా, అయింది" అన్నాడు లోకనాథన్ బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.

ఇరవై నాలుగు గొంతులు, ఒకే రాగం, చివర్లో దీర్ఘం.

"ఏం కొళంబు సాఆఆర్?"

లోకనాథన్ పిల్లల్ని చూశాడు, సాంబారు గిన్నె చూశాడు. "ఏమీ లేదు" అని ఒప్పుకున్నాడు. "పొద్దున ఒక టీ తాగాను, అంతే." బ్యాగు దించి పిల్లల వరసలో, తినడం మొదలుపెట్టిన బాలసుందరం పక్కన కూర్చుని పళ్లెం అందుకున్నాడు. రెండు ముద్దలు లోపలికి పోయాక తలెత్తి, "టీచర్, ఐదో తరగతి ఈయన దగ్గరే ఉండనివ్వండి. నేను వచ్చే నెల వస్తాను, ఆ ఏటవాలు గట్టు సంగతి నాకూ కావాలి" అన్నాడు.

"అట్లే సార్, పురింజుదు" అంది మాదేశ్వరి టీచర్.

అనకుండా ఉండాల్సింది. ఇరవై నాలుగు తలలు ఆవిడ వైపు తిరిగాయి. ఎవరూ ఏమీ అనలేదు, ఆవిడంటే భయం. కానీ అందరి కళ్లలోనూ ఆ ప్రశ్నే. ఆవిడ ఒకసారి గొంతు సవరించుకుంది.

"సరే, చెప్తాను" అంది. "వేరే తరగతుల్లో పిల్లకాయలు కడుపు మాడినా ఆయె అంటారు. ఈయన తరగతిలో ఆకలైతే ఆకలని చెప్తారు. ఆకలి తెలిసినోడే గదా అన్నం పెట్టేది. అందుకే ఈ తరగతి ఈయనకే. చాలునా?"

బాలసుందరం తలెత్తలేదు. కళ్లలో నీళ్లు తిరిగిన సంగతి పిల్లలకు తెలియకూడదని పళ్లెం మీదికి ఇంకా వంగి, వంటామెకు చెయ్యి చూపించాడు.

"ఇంకో గరిటె వెయ్యమ్మా. నాకు ఇంకా ఆకలిగా ఉండాది."